నొప్పికి సాక్షి

మా ఆయన చేతిలోంచి పెన్ను జారి పడలేదు. ఆయనే వదిలాడు. నా కుర్చీ పక్కన, ఎడమ వైపు, వంగి తీస్తే నా భుజం బాగా సాగాల్సినంత దూరంలో పడేలా చూసి మరీ వదిలాడు. పడ్డాక అయ్యో అనలేదు, తీసుకోవడానికి వంగలేదు. పేపరు మడత పెడుతున్నట్టు నటిస్తూ నా ఎడమ చేతి వంక చూస్తూ కూర్చున్నాడు.

ఈ పెన్ను సంగతి నాకు పెళ్లయిన కొత్తల్లోనే తెలుసు. ఆయన ఇన్సూరెన్సు కంపెనీలో క్లెయిముల విచారణ చేసేవాడు. దెబ్బ తగిలింది, నడుం పట్టేసింది, ఇక పని చేయలేను అని దరఖాస్తు పెట్టుకున్నవాళ్ల ఇళ్లకు వెళ్లి, వాళ్ల నొప్పి అసలుదో నకిలీదో తేల్చి రావడం ఆయన ఉద్యోగం. ఆఫీసులో ఆయన్ని ఆరాగారు అనేవాళ్లు. ఎగతాళికి పెట్టిన పేరే గానీ, ఆయన దాన్ని బిరుదులా మోసుకు తిరిగాడు. నడుం నొప్పి అన్నవాడి ముందు పెన్ను వదిలేవాడు. మణికట్టు విరిగిందన్నవాడి చేతికి నిండు గ్లాసు అందించేవాడు. మోకాలు వంగదన్నవాణ్ణి మాటల్లో పెట్టి మెట్లెక్కించేవాడు. సాయంత్రం భోజనాల దగ్గర ఇవన్నీ కథలుగా చెప్పి, దొరికిపోయినవాళ్ల మొహాలు అభినయించి చూపిస్తుంటే నేను పడీపడీ నవ్వేదాన్ని. ఇంకోసారి చెప్పండి అని అడిగేదాన్ని కూడా.

అంచేత ఆ పూట పెన్ను నేల మీద పడగానే నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. కుడి చేత్తో తీసి ఆయన ముందు పెట్టాను. జేబు చిరిగిందేమో చూడమంటారా, కుట్టి పెడతాను అన్నాను. ఆయన గంభీరంగా జేబు తడుముకుని, లేదు బాగానే ఉంది అన్నాడు.

నేను ఆల్టరేషన్ పని చేస్తాను. మా ముందు గదిలో కిటికీ పక్కనే మిషను. బిగువైన నడుములు వదులు చేయడం, వదులైనవి బిగించడం, ప్యాంట్ల పొడవు తగ్గించడం, జిప్పులు మార్చడం నా పని. వీధిలో సగం మంది లావెక్కిన సంగతి వాళ్లకంటే ముందు నాకే తెలుస్తుంది. అలాంటిదాన్ని, ఒక రోజు మిషను పాదం కింద గుడ్డ తిన్నగా నడవడం లేదని గమనించాను. మిషను చెడిందనుకుని నూనె వేశాను, సూది మార్చాను. చెడింది మిషను కాదు, గుడ్డను పట్టుకునే నా ఎడమ చెయ్యి. పార్కిన్సన్స్ అని నరాల డాక్టరమ్మ తేల్చి చెప్పింది. మాత్రలు రాసింది. వణుకు అందరికీ కనిపిస్తుంది కాబట్టి వణుకుని అందరూ నమ్మారు. మా ఆయన కూడా నమ్మాడు. గ్లాసుల్లో నీళ్లు సగానికే పోయడం, నా చొక్కాల బొత్తాలు తనే పెట్టడం అలవాటు చేసుకున్నాడు. ఆ విషయంలో వంక పెట్టడానికి లేదు.

పేచీ వచ్చింది నొప్పి దగ్గర. ఎడమ భుజం నుంచి మణికట్టు దాకా చర్మం మండుతుంది. ఎండకు కమిలిన ఒంటి మీద గుడ్డ రాసుకుంటే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. మెత్తటి గుడ్డయినా అంతే. ఒక్కోరోజు మెడ దాకా ఎగబాకుతుంది, ఒక్కోరోజు పాదంలో కూర్చుంటుంది. పొద్దున్నే మొదటి మాత్రకు ముందు మరీ ఘోరం. దుప్పటి అంచు తగిలినా ప్రాణం విలవిల్లాడుతుంది. మాత్ర పట్టాక మెల్లగా సర్దుకుంటుంది. కొన్నిసార్లు మధ్యాహ్నమంతా అసలు నొప్పనేదే ఉండదు, నేనే నొప్పిని మర్చిపోతాను. ఇంత జరుగుతున్నా చూడబోతే చేతి మీద ఏమీ ఉండదు. ఎరుపు లేదు, దద్దురు లేదు, చిన్న పొక్కయినా లేదు. నా చెయ్యి నాకే అబద్ధాలకోరులా కనిపించేది.

కుట్లు ఒంటికి తగలకుండా చొక్కాలు తిరగేసి తొడుక్కోవడం మొదలుపెట్టాను. కుట్టుపని చేసేదే కుట్లు బయటికి కనిపించేలా తిరుగుతుంటే బేరాలకు వచ్చినవాళ్లు మర్యాదకు ఊరుకునేవాళ్లు. మా ఆయన మాత్రం ఊరుకోలేదు. ఎప్పటినుంచి, ఎక్కడ, నిన్న మెడ అన్నావు ఇవాళ పాదం అంటున్నావేం, మరి మధ్యాహ్నం బాగానే ఉన్నావుగా అని అడగడం మొదలుపెట్టాడు. అడిగే తీరు ఎంతో మెత్తగా ఉండేది. ఆ మెత్తదనం నాకు తెలుసు. దరఖాస్తుదారుల ఇళ్లలో వాడే గొంతు అది.

ఆయనకో సూత్రం ఉంది. కొత్తగా చేరిన కుర్రాళ్లకు కూడా అదే నేర్పేవాడు. నిజమైన నొప్పికి ఒక చిరునామా ఉంటుంది, అది ఇల్లు మారదు, వేళాపాళా చూసుకుని రాదు, మనిషి సౌకర్యాన్ని బట్టి సెలవు తీసుకోదు అని. ఆ లెక్కన నా నొప్పి పరమ దొంగ నొప్పి. దానికి ఇల్లు లేదు, వేళ ఉంది, సెలవులు కూడా ఉన్నాయి.

పెన్ను తర్వాత బజారు సంచి. దాన్ని నా ఎడమ చేతికి అందించి, చెప్పులేసుకుంటున్నట్టు వంగి కింది నుంచి నా మొహం చూశాడు. ఆ తర్వాత నేను మిషను మీద ఉండగా వెనక నుంచి వచ్చి భుజం మీద మెల్లగా చెయ్యి వేసి, ఏం కుడుతున్నావు అని అడిగాడు. ఇన్నేళ్ల కాపురంలో ఆయన అడగని ప్రశ్న అది. మా అమ్మాయి ఫోన్ చేసి మిగతా కబుర్లన్నీ అయ్యాక, అమ్మా, నొప్పి నిజంగా అంత ఎక్కువగా ఉందా, లేక ఊరికే దిగులా అని అడిగింది. దిగులన్న మాట దానిది కాదు. నాన్న చెప్పాడా అంటే, అబ్బే లేదు అంది. దానికి అబద్ధం చెప్పడం చిన్నప్పటినుంచీ రాదు.

ఇక నాకూ అనుమానం పట్టుకుంది. ఆయన తలుపు దగ్గర ఎక్కువసేపు నిలబడితే అనుమానం, నిలబడకపోతే ఎక్కడ నిలబడి చూస్తున్నాడో అని అనుమానం. చలి మొదలవగానే ఒక ఉన్ని శాలువా తెచ్చాడు. మంచి రంగు, నాకు నచ్చే రంగు. ఉన్ని గుచ్చుకుంటుందని తెలిసి తెచ్చాడా, చలికి వణుకుతానని తెచ్చాడా? కప్పుకుంటే చూశావా ఏమీ కాలేదు అంటాడు, కప్పుకోకపోతే మనిషి తెచ్చినదాన్ని కాదన్నట్టవుతుంది. బాగుందండీ అని మడత విప్పకుండా బీరువాలో పెట్టేశాను. ఆయన మొహం చిన్నబోయింది. అదీ నటనేనేమో అనుకున్నాను. తర్వాత బాత్రూములోకి వెళ్లి ఏడ్చాను, శాలువా ఇస్తే దాన్ని శాలువాగా కూడా చూడలేకపోతున్నానే అని.

అప్పుడు నాకో దిక్కుమాలిన ఆలోచన వచ్చింది. ఆయన పరీక్షలన్నీ నాకు తెలుసు, జవాబులూ తెలుసు. మరి పాసవ్వడానికేం? ఆ రోజు నుంచి నా నొప్పికి నేనే ఒక చిరునామా ఇచ్చాను. ఎడమ భుజం, అంతే. పాదం మండుతున్నా భుజమే అనేదాన్ని. నొప్పి లేని మధ్యాహ్నాల్లో కూడా ఎడమ చెయ్యి ఒంటికి ఆనించుకుని నడిచేదాన్ని. ఆయన దగ్గరికొస్తే ముందే మూలిగేదాన్ని. డాక్టరమ్మ దగ్గరికి వెళ్లినప్పుడు, మాత్ర వేసుకున్నాక నొప్పి తగ్గుతోందా అని ఆవిడ అడిగింది. పక్క కుర్చీలో ఆరాగారు. లేదండీ, ఎప్పుడూ ఒకేలా ఉంటోంది, భుజంలోనే ఉంటోంది అన్నాను. ఆవిడ కనుబొమలు ముడిపడ్డాయి. అలా అయితే మాత్రల వేళలు మార్చినా ఉపయోగం ఉండకపోవచ్చు అంది. కాసేపు ఆలోచించి, చర్మంలోంచి మిరియం గింజంత ముక్క తీసి పరీక్షకు పంపిద్దాం అంది. భుజం దగ్గర ఒకటి, కాలి మీద ఒకటి తీశారు. నిజం చెప్పి ఉంటే మందు మారేది. నేను మాత్రం మా ఆయన దగ్గర మార్కుల కోసం నా మందు నేనే పోగొట్టుకుని ఇంటికొచ్చాను.

నేను దొరికిపోయింది ఒక మధ్యాహ్నం. మాత్ర బాగా పట్టింది, ఎండ బాగుంది, ఒళ్లు నాదేనన్నట్టుంది. నల్లదారం అయిపోతే పై అరలో ఉన్న దారాల డబ్బా కోసం మునివేళ్ల మీద లేచి ఎడమ చెయ్యి చాచాను. ఏదో కూనిరాగం కూడా తీస్తున్నాను. డబ్బా చేతికి అందేసరికి గుమ్మంలో ఆయన ఉన్నాడని తెలిసింది. చెయ్యి కిందికి దించేసి, అమ్మా అని భుజం పట్టుకున్నాను.

ఆయన లోపలికొచ్చి డబ్బా నా చేతిలోంచి తీసుకుని బల్ల మీద పెట్టాడు. గొంతు పెంచలేదు.

“ముందు దించావు. తర్వాత అరిచావు,” అన్నాడు.

నాకు మొహం చెల్లలేదు. అది కాసేపే. సిగ్గు ఎక్కడ ముగిసిందో, కోపం ఎక్కడ మొదలైందో తెలీదు గానీ, ఇన్నాళ్లూ దాచుకున్నదంతా ఆయన మీద కుమ్మరించాను. అవును, నటించాను, ఇప్పుడు నాకు నొప్పి లేదు అన్నాను. పెన్ను నేనెరుగుదును, సంచి ఎరుగుదును, భుజం మీద వేసిన చెయ్యి కూడా ఎరుగుదును అన్నాను. మీరు ముందు గదిలో గురక పెడుతూ ఉండగా పొద్దున్నే నేను వంటింట్లో చొక్కా భుజం మీంచి జార్చుకుని, చేతికి గాలి తప్ప ఏదీ తగలకుండా కూర్చుంటాను, మాత్ర పట్టేదాకా పళ్లు బిగించుకుంటాను, మిమ్మల్ని లేపితే నాటకం అంటారని లేపను అన్నాను. దుప్పటి తగలడం గురించి చెప్పాను. పాదం గురించి చెప్పాను. అన్నీ చెప్పేశాను.

ఆయన కుట్టుమిషను ముందు స్టూలు మీద కూర్చున్నాడు.

“నొప్పి నిజమే అయితే నటించడం దేనికి?”

“మీరు చూస్తున్నారు కాబట్టి. ఈ పూట లేదంటే, ఏ పూటా లేదంటారు కాబట్టి.”

ఆయన పాదం మిషను తొక్కుడుపీట మీద ఉంది. దాన్ని ముందుకీ వెనక్కీ ఊపాడు. దారం లేని సూది ఊరికే పైకీ కిందికీ ఆడింది.

“అలా ముందు దించి తర్వాత అరిచినవాళ్లు బోలెడంత మంది ఉన్నారు. అందరి క్లెయిములూ కొట్టేశాను,” అన్నాడు. లేచి చెప్పులేసుకుని వీధిలోకి వెళ్లిపోయాడు. ఆ సాయంత్రం భోజనాల దగ్గర కథలేమీ లేవు.

మర్నాటి నుంచీ ఆయన మాట తగ్గిపోయింది. పెన్నులు పడలేదు, ప్రశ్నలు లేవు. ఎవరైనా అయితే సంతోషించేవాళ్లు. నాకు మాత్రం అది కొత్త పద్ధతేమోనని అనుమానం. ఏమీ అడక్కుండా ఎదురుగా కూర్చుంటే అవతలివాడే కంగారుపడి అన్నీ కక్కేస్తాడని ఆయనే చెప్పేవాడు. పైగా ఇప్పుడాయన దగ్గర సాక్ష్యం ఉంది. చర్మం ఫలితం కోసం వెళ్లినప్పుడు డాక్టరమ్మతో, మొన్న నా కళ్ల ముందే నటించిందండీ అని ఒక్క మాట అంటే చాలు. ఆవిడ పాపం మంచి మనిషే గానీ, ఆ మాట విన్నాక ఏ డాక్టరు మాత్రం నా నొప్పికి మందు రాస్తుంది? దిగులుకి రాసి పంపిస్తుంది. మా అమ్మాయి కూడా అవునమ్మా అంటుంది. ఇక ఈ మంట నాదొక్కదానిదే అయిపోతుంది. ఆసుపత్రికి వెళ్లే రోజు దగ్గరపడేకొద్దీ నాకు అన్నం సయించలేదు. ఆయన రాకుండా ఉండేందుకు మా అమ్మాయిని తోడు రమ్మంటే, నాన్నే వస్తానన్నాడు కదా అంది. ఎందుకు వస్తానన్నాడు?

ఆ రోజు ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని, విచారణలకు వెళ్లే రోజుల్లోలాగే పాపిడి తీసి తయారయ్యాడు. బస్సులో కిటికీ పక్క సీటు నాకిచ్చి, నా ఎడమ వైపు ఒక సీటు ఖాళీ వదిలి కూర్చున్నాడు. అది నన్ను తాకకుండా ఉండటానికో, నన్ను బాగా చూడటానికో తేల్చుకోలేకపోయాను.

డాక్టరమ్మ గదిలో ఫలితం సిద్ధంగా ఉంది. చర్మం పైకి మామూలుగానే ఉన్నా లోపల ఇన్‌ఫ్లమేషన్ ఉందని చెప్పింది. దెబ్బ తగిలినప్పుడు వాపు తెచ్చే కణాలు దెబ్బేమీ లేకుండానే సన్న నరాల చుట్టూ చేరి ఉన్నాయంది. గెలిచాననుకున్నాను. అప్పుడు మా ఆయన గొంతు సవరించుకున్నాడు.

“అయితే నొప్పి దానివల్లేనని ఖాయమా?”

చంపేశాడు అనుకున్నాను. ఆవిడ నిజాయితీగా తల అడ్డంగా ఊపింది. అలా తేల్చి చెప్పలేనంది. పార్కిన్సన్స్ ఉన్నవాళ్లలో చర్మంలోని ఇన్‌ఫ్లమేషన్‌కీ నొప్పికీ సంబంధం ఉండొచ్చేమోనని చూస్తున్నారు గానీ అది ఇంకా పరిశోధనలో ఉన్న విషయమంది. ఇన్‌ఫ్లమేషన్ ఉండీ నొప్పి లేనివాళ్లు కూడా ఉండొచ్చంది. ఎంత నొప్పి ఉందో ఏ మైక్రోస్కోపులోనూ కనపడదు, మనిషి చెప్పిందే మాకు ఆధారం అంది. ఆయన పాత ఆఫీసులో అయితే ఇలాంటి క్లెయిము అక్కడితో మూసేసేవాళ్లు. అనుమానం మిగిలితే ఆ మిగిలింది కంపెనీ ఖాతాలోకే వెళ్లేది.

దాచి లాభం లేదని నేనే నోరు విప్పాను. పోయినసారి అబద్ధం చెప్పానండీ, నొప్పి ఎప్పుడూ ఒకేలా ఉండదు, పొద్దున మాత్రకు ముందు ఎక్కువ, పట్టాక తగ్గుతుంది, ఒక్కోసారి పూర్తిగా పోతుంది అన్నాను. అంటుంటే నాకే నా మాట మీద నమ్మకం కలగలేదు. డాక్టరమ్మ కలం పక్కన పెట్టింది. అది నిజమైతే మాత్రల ప్రభావం తగ్గే వేళల్లోనే నొప్పి వస్తున్నట్టు, వేళలు మార్చి చూడొచ్చు, నెమ్మదిగా పనిచేసే మాత్ర పడుకునే ముందు ఇవ్వొచ్చు అంది. కానీ పోయినసారి ఒకటి, ఈసారి ఒకటి చెబితే నేను ఏది పట్టుకోవాలమ్మా అని అడిగింది. విసుగుతో కాదు, నిజంగానే తెలియక అడిగింది. తర్వాత మా ఆయన వైపు తిరిగింది.

“ఇంట్లో ఉండేది మీరు. పొద్దున పూట ఆవిడకెలా ఉంటోందో మీరు చూశారా?”

నేను ఒళ్లో చేతులు చూసుకుంటూ కూర్చున్నాను. ఎడమ చెయ్యి తన పాటికి తను వణుకుతోంది. చూడనిది చూశానని ఆయన ఉద్యోగంలో ఎన్నడూ అనలేదు. మేనేజరు తన బావమరిది క్లెయిము కోసం బతిమాలినా అనలేదు, ఆ పంతానికి ప్రమోషన్ కూడా పోయింది. పొద్దున్నే ఆయన ముందు గదిలో గాఢనిద్రలో ఉంటాడు. మధ్యాహ్నం నా నటన మాత్రం కళ్లారా చూశాడు. ఇక ఆయన చెప్పగలిగిన నిజం అదొక్కటే.

“చూశాను,” అన్నాడు. “రోజూ చూస్తున్నాను. వంటింట్లో చొక్కా భుజం మీంచి దించుకుని కూర్చుంటుంది. దుప్పటి అంచు తగిలినా తట్టుకోలేదు. ఒక్కోరోజు పాదంలో కూడా. మాత్ర పట్టాక తగ్గుతుంది. తగ్గినప్పుడు బాగానే తిరుగుతుంది, అందులో అబద్ధమేమీ లేదు.”

డాక్టరమ్మ తలాడించి రాయడం మొదలుపెట్టింది. ఆయన గోడ మీది క్యాలెండరు వైపు చూస్తున్నాడు. చెవుల చివర్లు ఎర్రగా కందిపోయి ఉన్నాయి. అబద్ధం చెప్పడం ఆయనకు బొత్తిగా అలవాటు లేదు.

బయటికొచ్చి మందుల వరుసలో నిలబడ్డాం. నేను ఎటో చూస్తూ అడిగాను.

“పొద్దున నన్ను మీరెప్పుడు చూశారు?”

“చూడలేదు.”

“మరి?”

ఆయన మందుల చీటీ ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు.

“నువ్వు చెప్పావుగా.”